ఇటలీ వెళ్తున్న జంటలకు: రెండు పాస్‌పోర్టులూ ఒకే సంచిలో పెట్టకండి

ఫ్లోరెన్స్ స్టేషన్‌లో ఒక తెలుగు జంట సంచి పోయిందని మొన్న ఫోను వచ్చింది. రైల్లో పెట్టెలు పైకెత్తడానికి ఎవరో సాయం చేశారట. తలుపులు మూసుకునే లోపు ఆ మనిషి దిగిపోయాడు, సంచీ పోయింది. ఈస్టర్ మొదలైతే చాలు, మిలాన్‌లో ఉంటున్న మాలాంటి వాళ్లకు ఇలాంటి ఫోన్లు మొదలవుతాయి. ఇటలీలో జేబుదొంగలు ఉంటారని బయలుదేరే ముందు మీకు పదిమంది చెప్పే ఉంటారు, నేను మళ్లీ చెప్పను. సంచిలో ఏమున్నాయని అడిగితే ప్రతిసారీ వినిపించే జవాబు గురించే చెబుతాను: "అన్నీ అందులోనే ఉన్నాయండీ."

అన్నీ అంటే ఇద్దరి పాస్‌పోర్టులు, ఫోరెక్స్ కార్డు, ఇద్దరి బ్యాంకు కార్డులు, తెచ్చుకున్న యూరోలు, ఒక్కోసారి ఫోను, బీపీ మాత్రలు కూడా. ప్రయాణమంటే ముఖ్యమైనవన్నీ ఒకచోట పెట్టి, ఇద్దరిలో జాగ్రత్తపరులెవరో వాళ్ల భుజానికి తగిలించడం మనకు అలవాటు. అన్నవరం వెళ్లినా అంతే, రోమ్ వెళ్లినా అంతే. అన్నవరంలో సంచి పోతే ఫోను చేయడానికి బంధువులుంటారు.

ఇక్కడ పోతే వరుసగా ఏం జరుగుతుందో వినండి. ముందు పోలీసు స్టేషన్‌కో, కారబినియేరి అనే ఇంకో పోలీసు దళం దగ్గరకో వెళ్లి ఫిర్యాదు రాయించి, దాని ప్రతి తీసుకోవాలి. తర్వాత రోమ్‌లోని భారత రాయబార కార్యాలయానికి గానీ మిలాన్‌లోని కాన్సులేట్‌కు గానీ వెళ్లాలి. వాళ్లిచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ భారతదేశానికి తిరిగి వెళ్లడానికే పనికొస్తుంది. వెనిస్ తర్వాత స్విట్జర్లాండ్ అనుకున్నవాళ్లు దాన్ని మరిచిపోవచ్చు. శుక్రవారం సాయంత్రం పోతే సోమవారం దాకా గదిలో కూర్చోవాలి. గది అద్దె కట్టడానికి కార్డు లేదు. ఇంటి నుంచి ఎవరైనా డబ్బు పంపినా, తీసుకోవాలంటే గుర్తింపు పత్రం చూపించాలి. నెట్ బ్యాంకింగ్‌లోకి వెళ్లాలంటే ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ మన ఊరి సిమ్‌కు వస్తుంది, ఆ సిమ్ దొంగ చేతిలో ఉంది. రైలు టికెట్లు, కొలోసియం టికెట్లు, హోటల్ చిరునామా కూడా ఆ ఫోనులోనే. హోటల్ పేరేమిటని అడిగితే "స్టేషన్ దగ్గరేనండీ" అంటారు. రోమ్‌లో స్టేషన్ దగ్గర వందల హోటళ్లున్నాయి.

కాబట్టి విడదీయండి. ఎవరి పాస్‌పోర్టు వాళ్ల ఒంటి మీద, చొక్కా లోపల. ఎవరి కార్డు వాళ్ల దగ్గర, అవి కూడా వేర్వేరు ఖాతాలవి. ఒకరి పాస్‌పోర్టు, వీసా నకళ్లు ఇంకొకరి సంచిలో. చెరో వంద యూరోలు. టికెట్లు రెండు ఫోన్లలోనూ. బీమా పాలసీ నంబరు, హోటల్ చిరునామా కాగితం మీద, రెండు కాగితాల మీద. వీసా కోసం 30,000 యూరోల బీమా తీసుకుని ఆ పాలసీని పోయిన సంచిలోనే పెట్టుకున్నవాళ్లకు ఏం చెప్పాలో నాకు తోచదు.

పాస్‌పోర్టు గదిలో వదిలి రావచ్చా అని అడుగుతారు. పోలీసులు అడిగితే విదేశీయులు చూపించాల్సిందే. కొలోసియం టికెట్ మీద పేరుంటుంది, అక్కడా గుర్తింపు అడుగుతారు. వెంటే ఉంచుకోండి. రెండూ ఒకరి దగ్గర మాత్రం వద్దు.

రైళ్లు, బస్సులు

ప్రాంతీయ రైలుకు కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గరి యంత్రంలో ముద్ర వేయించాలి. ఫోనులో కొంటే ఎక్కే ముందు చెక్-ఇన్ చేయాలి. డబ్బు కట్టాం కదా అని ఊరుకుంటే, ముద్ర లేని టికెట్‌కు జరిమానా పడుతుంది. తెలియదంటే వినరు. సీటు నంబరుతో వచ్చే వేగరైలు టికెట్లకు ఈ గొడవ లేదు. బస్సు టికెట్‌కు ముద్ర బస్సు ఎక్కగానే వేయాలి. రోమ్‌లో 64 నంబరు బస్సు స్టేషన్ నుంచి వాటికన్ వైపు వెళ్తుంది. దానిలో దొంగలకు మీ కంటే ముందే సీటు దొరుకుతుంది.

సమ్మెలు తరచూ ఉంటాయి. పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని ప్రాంతీయ రైళ్లు తప్పకుండా నడుపుతారు. విమానం ఉన్న రోజున ఇది చూసుకోండి.

కారు

వద్దు. ఫ్లోరెన్స్, పీసా, సియెనా పాత ఊళ్లలోకి బయటి వాహనాలు రాకుండా జెడ్‌టీఎల్ అనే నిషేధిత ప్రాంతాల హద్దులుంటాయి, కెమెరాలు నంబరు పట్టేస్తాయి. ఎవరూ ఆపరు. నెలల తర్వాత జరిమానా మీ ఇంటికి వస్తుంది, మీ వివరాలు పోలీసులకు ఇచ్చినందుకు కారు అద్దె సంస్థ రుసుము వేరే.

ఇక వరుసగా:

వెనిస్‌లో ఎంపిక చేసిన రోజుల్లో పగటి సందర్శకులకు ప్రవేశ రుసుము ఉంది, 2024లో మొదలైంది. ఆలస్యంగా కడితే ఎక్కువ. చవకని వెనిస్ నగరపాలిక కిందే ఉన్న మెస్త్రేలో గది తీసుకున్నవాళ్లకు మినహాయింపే, కానీ దాని కోడ్ ముందే తీసుకోవాలి.

హోటల్లో నగర పన్ను మనిషికి, రాత్రికి లెక్కగట్టి విడిగా అడుగుతారు. మోసం కాదు, కట్టండి.

ధరలు లేని మెనూ చూపిస్తే లేచి రండి.

కాఫీ నిలబడి తాగండి. కూర్చుంటే ధర మారుతుంది.

చేతికి దారం కడతామని వచ్చేవాళ్లకు చేయి ఇవ్వకండి. గులాబీ కూడా తీసుకోకండి.

రోడ్డు మీద నకిలీ బ్రాండ్ సంచులు కొనకండి. కొన్నవాళ్లకే 300 నుంచి 7,000 యూరోల దాకా జరిమానా.

రోమ్‌లో స్పానిష్ మెట్ల మీద కూర్చోకండి. 2019 నుంచి నిషేధం.

భుజాలు, మోకాళ్లు కప్పుకోకపోతే వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చిలోకి రానివ్వరు. చీరకట్టుకు మోకాళ్ల సమస్యే లేదు.

ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ చిత్రశాల సోమవారం మూత. వాటికన్ మ్యూజియాలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూత.

రోమ్‌లో నీళ్లు కొనకండి, వీధి కుళాయి నీళ్లు మంచివే.

ఆగస్టు మధ్యాహ్నం పోంపేయి శిథిలాలు చూడబోవద్దు, నీడ ఉండదు.

ఏటీఎం రూపాయల్లో లెక్కగట్టనా అని అడిగితే వద్దనండి. యూరోలే ఎంచుకోండి.

ఫోను భోజనం బల్ల మీద పెట్టకండి.

మాత్రలు కూడా రెండు సంచుల్లో, డాక్టరు చీటీతో సహా.

రాత్రి గదికి చేరాక "రేపటికి సులువుగా ఉంటుంది" అని రెండు పాస్‌పోర్టులూ మళ్లీ ఒకే పర్సులో దూర్చకండి. మూడో రోజుకల్లా అందరూ చేసేది అదే.

అత్యవసరమైతే 112.