స్టీల్ నీళ్ల ట్యాంకుకు బ్యాక్టీరియాను ఆపే పూత వేయించే ముందు ఇది చేయండి

స్టెయిన్‌లెస్ స్టీల్‌కు తుప్పే పట్టదనుకుని కొంటాం, కానీ నల్లగొండ వైపు ఉప్పు బోరు నీళ్లు తగిలితే కొన్నాళ్లకే వెల్డింగ్ గీత వెంట గోధుమరంగు చుక్కలు లేస్తాయి. ఈ స్టీల్‌ను కాపాడేది అందులో కనీసం 10.5 శాతం ఉండే క్రోమియం, అది గాలి తగిలి కట్టుకునే పలచటి ఆక్సైడ్ పొర. ఉప్పు, బ్లీచింగ్ పౌడర్ ఆ పొరకు చిల్లులు పెడతాయి. ముందు ఆ పొరను బాగుచేయాలి, పూత తర్వాత.

వెల్డింగ్ దగ్గర నీలం, నలుపు మరకలుంటే పిక్లింగ్ పేస్ట్‌తో తీయించాలి. అందులో ప్రమాదకరమైన యాసిడ్ ఉంటుంది కాబట్టి అది ఇంట్లో వద్దు, షాపువాళ్లకే వదిలేయండి.

తర్వాత సబ్బు నీళ్లతో, నైలాన్ స్క్రబ్బర్‌తో కడగండి. ఇనుప పీచు ముట్టుకోవద్దు, దాని రేణువులు స్టీల్‌కు అంటుకుని అవే తుప్పు పడతాయి. శుభ్రమైన నీళ్లు పోసి చూడండి: పలచగా పరుచుకుని జారితే సరే, చుక్కలుగా విడిపోతే ఇంకా జిడ్డు ఉన్నట్టే, మళ్లీ కడగాల్సిందే.

ఇప్పుడు లీటరు నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, కనీసం 20 నిమిషాలు తడి ఆరకుండా ఉంచి, బాగా కడిగి ఆరబెట్టండి. గ్లౌజులు వేసుకోండి. బ్లీచింగ్‌తో మాత్రం కలపకండి, విషవాయువు వస్తుంది.

బ్యాక్టీరియాను ఆపే పూతల్లో చాలావరకు పనిచేసేది వెండి అయాన్లు. పైన పాచి పడితే అవి క్రిములను చేరలేవు, అందుకే పూత ఉన్నా కడగడం తప్పదు. తాగే నీటికి పనికొస్తుందని సర్టిఫికెట్ చూపిస్తేనే వేయించండి. కొత్తది కొంటుంటే, నీళ్లు బాగా ఉప్పగా ఉన్నచోట 304 గ్రేడు స్టీల్ కన్నా, 2-3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉండే 316 గ్రేడే అడగండి.