మానసిక వైద్యానికి, ఇళ్లకి సర్కారు డబ్బు రావాలంటే అర్జీ ఎలా రాయాలి

కలెక్టర్ ఆఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో "మానసిక రోగులను ఆదుకోవాలి" అని రాసిస్తే రసీదు తప్ప ఇంకేమీ చేతికి రాదు. ఆదుకోవడం అనేది ఏ అధికారి పనీ కాదు కదా. ఫలానా శాఖ, ఫలానా పని, ఫలానా చట్టం ప్రకారం, సుమారు ఇంత ఖర్చు అని రాస్తే ఆ కాగితానికి ఎవరో ఒకరు జవాబు రాయక తప్పదు. నేను తెలంగాణ సంగతి చెప్తున్నా, ఏపీలో కూడా చట్టాలు ఇవే.

ముందు ఏం అడగాలో తేల్చుకోండి. మానసిక సమస్యలకి సర్కారు నడిపే ఫోన్ సాయం టెలి మానస్, 14416 నంబర్, 2022 అక్టోబర్ నుంచి ఉంది, ఫోన్ చేస్తే మాట్లాడతారు, మంచిదే, కానీ అర్ధరాత్రి ఇంట్లో మనిషి అదుపు తప్పితే ఫోన్‌లో ఉన్నవాళ్లు ఇంటికి రాలేరు, వచ్చేది 108 లేదా పోలీసులు. కాబట్టి జిల్లాకో బండి, అందులో మానసిక వైద్యం తెలిసిన నర్సు, ఒక సోషల్ వర్కర్, రాత్రిపూట కూడా పనిచేసేలా కావాలని అడగండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 18 సర్కారు ఖర్చుతో నడిచే వైద్యాన్ని హక్కుగా ఇచ్చింది, పేదలకీ ఇల్లు లేనివాళ్లకీ అది ఉచితం. సెక్షన్ 100 ప్రకారం జబ్బుతో రోడ్ల మీద తిరిగేవాళ్లని పోలీసులు 24 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాలి, లాకప్‌లో పెట్టకూడదు. ఈ రెండూ అర్జీ మొదటి పేరాలోనే ఉండాలి.

ఇక ఇల్లు. చాలామంది దీన్ని వేరే సమస్య అనుకుని వదిలేస్తారు, నా లెక్కలో అసలు పట్టు ఇక్కడే ఉంది. జబ్బు తగ్గినా ఇంటివాళ్లు రానివ్వమన్నారనో, ఉండటానికి చోటు లేదనో మనిషిని ఆసుపత్రిలోనే ఉంచేయకూడదని అదే చట్టం సెక్షన్ 19 చెప్తోంది, అలాంటివాళ్ల కోసం హాఫ్‌వే హోమ్‌లు, అంటే ఆసుపత్రి నుంచి వచ్చాక కొన్నాళ్లు ఉండే ఇళ్లు, పెట్టే బాధ్యత ప్రభుత్వానిదే. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 37 ఏమో ప్రభుత్వ ఇళ్ల పథకాల్లో 5 శాతం వికలాంగులకి ఇవ్వమంటోంది, 40 శాతానికి తగ్గని మానసిక వైకల్యం కూడా అందులోకే వస్తుంది, దానికి ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం (సదరం లేదా యూడీఐడీ) ఉండాలి. ఇందిరమ్మ ఇంటికి ఇచ్చే 5 లక్షలు సొంత జాగా ఉన్నవాళ్లకే పనికొస్తాయి కాబట్టి జాగా లేనివాళ్ల సంగతేంటో కూడా అడగండి.

అర్జీకి ముందు ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు, వేయండి. ఫీజు జిల్లా ఆఫీసులో 10 రూపాయలు, మండలంలో 5, గ్రామస్థాయిలో అసలు లేదు. మూడేళ్లలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఎంత ఇచ్చారు, ఎంత ఖర్చయింది, మంజూరైన పోస్టుల్లో ఎన్ని ఖాళీ, ఆ 5 శాతం కింద మానసిక వైకల్యం ఉన్న ఎంతమందికి ఇళ్లు వచ్చాయి అని అడగండి. "ఎందుకు ఇవ్వలేదు" అని మాత్రం రాయొద్దు, ఆర్టీఐలో కారణాలు చెప్పరు, కాగితాల్లో ఉన్నదే ఇస్తారు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీల్ వేయండి. వచ్చిన జవాబులో సున్నా ఉంటే మీ అర్జీకి అంతకన్నా బలం ఇంకోటి లేదు, జిరాక్స్ జత చేసేయండి.

టైమింగ్ ముఖ్యం. మార్చిలో అసెంబ్లీ ముందు ధర్నా చేస్తే ఫొటోలు బాగానే వస్తాయి గానీ అప్పటికి బడ్జెట్ అంకెలు ఖరారైపోయి ఉంటాయి. శాఖలు అంచనాలు తయారుచేసుకునేది అంతకు కొన్ని నెలల ముందే, కాబట్టి దసరా, దీపావళి రోజుల్లోనే వైద్య ఆరోగ్య శాఖకి, గృహనిర్మాణ శాఖకి విడివిడిగా ఇవ్వండి, ఒకే కాగితం రెండింటికీ ఇస్తే ఒకరి మీద ఒకరు తోసేస్తారు. ఎమ్మెల్యేకి ఇచ్చేది ఒక్క పేజీ దాటకూడదు, సభలో అడగడానికి ప్రశ్న కూడా మీరే రాసివ్వండి.

బడ్జెట్ పుస్తకంలో అంకె కనిపించగానే స్వీట్లు పంచేయకండి. కేటాయింపు వేరు, విడుదల వేరు. జూన్, జులైలో బడ్జెట్ రిలీజ్ ఆర్డర్ (డబ్బు విడుదల చేసే ఉత్తర్వు) వచ్చిందా, ఎంతకి వచ్చింది అని మళ్లీ ఇంకో ఆర్టీఐ వేయండి.