బౌద్ధం పాఠం పట్టే ముందు చూసుకోవాల్సినవి

ముందు నోట్సు తెరవకండి, పాఠ్యపుస్తకం తెరవండి. గైడ్లలో అచ్చుతప్పులు తక్కువేం ఉండవు.

అంకెల దగ్గర మహా జాగ్రత్త. ఆర్యసత్యాలు 4, అష్టాంగ మార్గంలో అంగాలు 8, పిటకాలు (బౌద్ధ గ్రంథాల సంపుటాలు) 3: వినయ, సుత్త, అభిధమ్మ. త్రిరత్నాలూ 3 కదా అని అక్కడే జారిపోతారు. బుద్ధుడు, ధర్మం, సంఘం బౌద్ధులవి. సమ్యక్ దర్శనం, జ్ఞానం, చారిత్రం జైనులవి. పదో తరగతిలో నేను రెండూ కలిపేసి రాశాను. సారు ఎర్రసిరాతో పేజీ అడ్డంగా కొట్టేశారు, పులస పులుసు పెట్టినా ఆ రోజు అన్నం సయించలేదు!

"కోరికలే దుఃఖానికి కారణం" అని రాసి వదిలేయొద్దు. బుద్ధుడు చెప్పింది తృష్ణ గురించి, అంటే తీరని దాహంలాంటి తపన. ఆకలేస్తే అన్నం తినాలనుకోవడం ఆ లెక్కలోకి రాదు. ఈ ఒక్క వాక్యం కలిపితే జవాబుకి బరువొస్తుంది.

బుద్ధుడికి లుంబినిలో పుట్టుక, బోధగయలో జ్ఞానం, సారనాథ్‌లో తొలి బోధ, కుశీనగరంలో మహాపరినిర్వాణం, అంటే మరణం. వరస తప్పకూడదు.

స్తూపం, చైత్యం, విహారం తేడా బట్టీ పడితే నిలవదు. మన కోనసీమ పిల్లలైతే ఆదివారం పొద్దున్నే మామిడికుదురు దగ్గరి ఆదుర్రు వెళ్లండి. కొబ్బరితోటల మధ్య ఇటుకల స్తూపం అడుగుభాగం కనిపిస్తుంది. స్తూపం అంటే ధాతువుల (అస్థికల్లాంటి అవశేషాల) మీద కట్టే దిబ్బ. చైత్యం పూజకి, విహారం భిక్షువుల బసకి. ఇటుకల మీదకి ఎక్కొద్దు, టోపీ మరవొద్దు.