చిన్న బండే కదా అనుకోకండి: తొలకరికి ముందు మినీ ట్రాక్టర్ జాగ్రత్తలు

రోహిణి కార్తె ఎండలు మాడ్చేస్తున్నాయి. ఇంకో పది రోజుల్లో మృగశిర. నాలుగు చినుకులు పడ్డాయంటే ఇక ఎవరికీ తీరిక ఉండదు. ఖమ్మం జిల్లాలో మా వైరా వైపు ఈ వేసవిలో కొత్తగా మినీ ట్రాక్టర్ కొన్నవాళ్లు చాలామందే కనిపిస్తున్నారు. పూజ చేసినప్పుడు పెట్టిన పసుపు కూడా బానెట్ మీంచి ఇంకా పోలేదు. వాళ్లు నన్ను అడిగేవన్నీ ఒకటే రకం. గంటకి డీజిల్ ఎంత తాగుతుంది, మట్టిని బ్లేడ్లతో తిప్పి గుల్ల చేసే రోటావేటర్ ఎన్ని అడుగులది వేయొచ్చు, మిరప సాళ్లలో తిరుగుతుందా. జాగ్రత్తల మాట ఎత్తితే మాత్రం "చిన్న బండే కదన్నా, అదేం చేస్తుంది" అంటారు. ఆరేళ్లుగా 24 హెచ్‌పీ బండి నడుపుతున్నాను. భయంతో నా ఒళ్లు చల్లబడిన రోజులు రెండున్నాయి. ఆ రెండుసార్లూ అంతకు కాసేపటి ముందు నేనూ ఇదే అనుకున్నాను.

చిన్నదే, కాదనను. కానీ ఈ సైజు బండి ఉత్తదే ఎనిమిది, తొమ్మిది వందల కిలోలు తూగుతుంది. మీద పడితే ఒంగోలు ఎద్దుల జత పడ్డట్టే. పైగా సాళ్ల మధ్య పట్టాలని దీన్ని ఇరుకుగా చేశారు. ఇరుకు బండి పక్కకి ఒరగడానికి పెద్ద గట్టేం అక్కర్లేదు. ఒక చక్రం గుంటలో దిగి, రెండోది గట్టి పెళ్ల ఎక్కితే చాలు. ముందు భాగం కూడా తేలికే. వెనక పెద్ద రోటావేటర్ తగిలించి లిఫ్ట్ ఎత్తితే ముందు చక్రాలు నేలకి ఆనీ ఆననట్టు ఉంటాయి, స్టీరింగ్ చేతిలో తేలిపోతుంది. అలా తేలిందంటే ఆ రోటావేటర్ మీ బండికి ఎక్కువైందని అర్థం. పక్కింటాయన వేశాడని కాకుండా కంపెనీ పుస్తకంలో రాసిన సైజే వేయండి, అవసరమైతే ముందు వెయిట్లు పెట్టించండి.

అన్నిటికంటే ఎక్కువ భయపడాల్సింది దమ్ము దగ్గర, అంటే వరి నాట్లకి మడిలో నీళ్లు పెట్టి బురద చేసేటప్పుడు. పేపర్లో "దమ్ము చేస్తుండగా ట్రాక్టర్ బోల్తా, డ్రైవర్ మృతి" అనే వార్త రాని నాట్ల సీజన్ నాకైతే గుర్తులేదు. చాలామంది అది పక్కకి పడిందనుకుంటారు. ఎక్కువసార్లు జరిగేది అది కాదు. ముందు భాగం గాల్లోకి లేచి, బండి వెనక్కి తిరగబడుతుంది.

ఎందుకలా అంటే, ఇంజిన్ బలం వెనక ఇరుసుకు చేరుతుంది. చక్రం తిరిగితే బండి ముందుకు పోతుంది. చక్రం బురదలో కూరుకుపోయి కదలకపోతే ఆ బలం ఎటో ఒక వైపు పోవాలి కదా. అప్పుడు ఇరుసు ఆగిపోయి, దాని చుట్టూ బండే పైకి లేస్తుంది. ముందు చక్రాలు లేచాక వెనక్కి తిరిగిరాని ఎత్తుకు చేరడానికి సెకను కూడా పట్టదు. "లేస్తోందే" అని మనకి తట్టి, కాలు క్లచ్ మీదికి పోయేలోపు పని అయిపోతుంది. మెట్ట నేలలో అయితే దూకి బతికినవాళ్లున్నారు. దమ్ములో స్టీరింగ్‌కీ బురదకీ మధ్య ఇరుక్కున్న మనిషికి గాయాలు లేకపోయినా ఊపిరి ఆడదు.

అందుకే బండి దిగబడిందనిపించగానే ఎక్సలేటర్ పెంచొద్దు. క్లచ్ తొక్కండి, పీటీఓ, అంటే ఇంజిన్ బలాన్ని రోటావేటర్‌కి అందించే షాఫ్ట్, ఆపండి, కాసేపు అలాగే కూర్చోండి. అవును, ఊరికే కూర్చోండి. సగం ప్రమాదాలు గట్టు మీద నిలబడి నలుగురు సలహాలు చెప్పడం వల్లే అవుతాయని నా అనుమానం. తర్వాత మెల్లగా రివర్స్‌లో ప్రయత్నించండి. రివర్స్‌లో ఇరుసు బలం ముందు భాగాన్ని కిందికే నొక్కుతుంది, పైకి లేపదు. రాకపోతే రోటావేటర్ విప్పేసి, చక్రాల వెనక మట్టి తవ్వి, వరిగడ్డో కంపో వేసి చూడండి. అప్పటికీ రాకపోతే ఇంకో బండి పిలిపించడమే. గొలుసుని బండి వెనక అడుగున ఉండే లాగుడు కడ్డీకో (డ్రాబార్), ముందు ఉండే హుక్కుకో మాత్రమే వేయాలి. టాప్ లింక్ ఉండే చోట, అంటే ఇరుసుకన్నా పైన, గొలుసు వేసి లాగిన బండి తిరగబడటం ఖాయమనే అనుకోండి. లాగేటప్పుడు గొలుసుకి దగ్గర్లో ఎవరూ ఉండకూడదు. తెగిన గొలుసు ఎటు కొడుతుందో చెప్పలేం.

దిగబడిన చక్రాలకు అడ్డంగా దుంగ కట్టి పైకి తెప్పించే పద్ధతి ఒకటుంది. మన ఊళ్లలో దాన్ని తెలివైన పనిగా చెబుతారు. దయచేసి చేయకండి. దుంగ కట్టామంటే చక్రం జారే అవకాశాన్ని మనమే తీసేసినట్టు. జారలేని చక్రం బండిని వెనక్కి లేపుతుంది.

సీటు వెనక, బండి బోల్తా పడినా మనిషి నలగకుండా కాపాడే ఇనుప కమాను, అదే రోప్స్, ఉన్న బండి అయితే దాన్ని మడిచి పెట్టకుండా నిలబెట్టే ఉంచి సీటు బెల్టు పెట్టుకోండి. కమాను లేని బండిలో బెల్టు పెట్టుకోవద్దు, దూకే వీలు కూడా పోతుంది.

ఇక పీటీఓ. నా ఒళ్లు చల్లబడిన ఆ రెండు రోజుల్లో ఒకటి దీనిదే. కొన్న రెండో ఏడాది, మే నెల, మిరప తీసేసిన చేలో రోటావేటర్ వేస్తున్నాను. గేర్‌బాక్స్ దగ్గర ఆయిల్ చెమ్మ కనిపించింది. బండి ఆపకుండా దిగి వంగి చూశాను. మెడలో కండువా ఉంది. షాఫ్ట్ మీద ఉండాల్సిన ప్లాస్టిక్ తొడుగు అప్పటికే పగిలిపోతే నేనే తీసి పారేశాను. కండువా కొస తగలడం నేను చూడలేదు. మెడ మీద చర్రుమని కాలినట్టయింది, అంతే. ముడి వేసుకోలేదు కాబట్టి జారిపోయింది. ఇంజిన్ ఆపి చూస్తే ఆ కండువా షాఫ్టుకి మోకులా పేనుకుపోయి ఉంది. విప్పడానికి రాక కొడవలితో కోసి తీశాను.

తర్వాత లెక్క వేసుకున్నాను. పీటీఓ నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకి తొమ్మిది. షాఫ్ట్ చుట్టుకొలత జానెడు ఉంటుంది. ఆ లెక్కన ఒక్క సెకనులో రెండు మీటర్ల దాకా గుడ్డ చుట్టేస్తుంది. మనం కట్టే లుంగీ పొడవు కూడా ఇంచుమించు అంతే. లుంగీతో, కండువాతో, వదులు చేతుల చొక్కాతో బండి దగ్గరికి వెళ్లొద్దు. చీర కొంగు, జడ కూడా అంతే ప్రమాదం. తొడుగు పగిలితే కొత్తది వేయించండి. దాని ఖర్చుకి వెనకాడొద్దు.

రోటావేటర్ బ్లేడ్లకి గడ్డి, డ్రిప్ పైపులు, మల్చింగ్ షీటు చుట్టుకుంటూనే ఉంటాయి. ప్రతిసారీ ఇంజిన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, బ్లేడ్లు పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టండి. ఎత్తి ఉంచిన రోటావేటర్ కింద దూరాల్సి వస్తే చెక్కమొద్దులు పెట్టండి, దాన్ని ఎత్తి పట్టే హైడ్రాలిక్ లిఫ్ట్‌ని నమ్మొద్దు. పని అయ్యాక రోటావేటర్‌ని నేలకి దించి వదిలేయడం అలవాటు చేసుకోండి. దుక్కిలో పురుగుల కోసం కొంగలు వెనకే వస్తాయి, వాటిని తోలుతూ పిల్లలూ వస్తారు. పిల్లలు కనిపిస్తే బండి ఆపేయండి. అరిస్తే ఇంజిన్ మోతలో వాళ్లకి వినపడదు.

మడ్‌గార్డు మీద మనిషిని కూర్చోబెట్టుకోవడం మనకి తప్పుగానే అనిపించదు. బండికి ఉన్నది ఒక్క సీటు, నడపాల్సింది ఒక్క మనిషి. కూలీలను ట్రాలీలో తీసుకెళ్లడమూ అంతే. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్లే. జూన్ అంటే ఇదే సీజన్, పొలం పనికే బయల్దేరారు. ఆటోకి అయ్యే డబ్బులు లెక్కేసుకునే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోండి. అలా ఎక్కించుకున్నవాళ్లకి ఏమైనా అయితే ఇన్సూరెన్స్ వస్తుందన్న ఆశ కూడా పెట్టుకోవద్దు.

కాలువ గట్టు మీద నాది ఒకటే లెక్క. కాలువ ఎంత లోతుంటే అంచుకి కనీసం అంత దూరంలో చక్రం ఉండాలి. వాన పడ్డాక ఇంకా ఎక్కువ. చుట్టూ గోడ లేని వ్యవసాయ బావుల దగ్గరా ఇదే. గడ్డి పెరిగితే బావి అంచు కనిపించదు కాబట్టి ఇప్పుడే నాలుగు కర్రలు పాతి ఎర్ర గుడ్డ కట్టండి. పొలం గట్టు దాటేటప్పుడు ఐమూలగా కాకుండా గట్టుకి ఎదురుగా సూటిగా దాటాలి. నిట్రంగా ఉన్న గట్టు అయితే రివర్స్‌లో ఎక్కడం మేలు. దిగేటప్పుడు ముందే చిన్న గేరులో వేసుకోండి. దిగుతూ క్లచ్ తొక్కారో బండి మీ చేతిలో ఉండదు.

బ్రేకుల గురించి కొత్తవాళ్లకి ఎవరూ సరిగా చెప్పరు. కుడి, ఎడమ చక్రాలకి రెండు పెడళ్లు విడివిడిగా ఉంటాయి, చేలో చివరికెళ్లి మలుపు తిప్పుకోవడానికి. రోడ్డెక్కేటప్పుడు వాటిని కలిపే చిన్న ఇనుప గొళ్లెం ఉంటుంది, అది వేయాలి. మరిచిపోయి టాప్ గేరులో ఒక్క పెడల్ తొక్కితే బండి గిర్రున తిరిగి పడిపోతుంది. నా ఒళ్లు చల్లబడిన రెండో రోజు అదే. పడలేదు, మైలురాయికి తగిలి ఆగింది. ఫోర్ వీల్ డ్రైవ్ కూడా తారు రోడ్డు మీద తీసేయండి, టైర్లూ గేర్లూ అరిగిపోతాయి. దమ్ముకి వేసే ఇనుప చక్రాలు, అదే కేజ్ వీల్స్‌తో రోడ్డెక్కితే జరిమానా సరే, రోడ్డు మీద అవి జారతాయి కూడా.

బ్యాటరీ దిగిపోతే కింద నిలబడి స్టార్టర్ దగ్గర స్క్రూడ్రైవర్ ఆనించి డైరెక్ట్ చేసేవాళ్లున్నారు. గేరులో ఉంటే బండి స్టార్ట్ అవుతూనే ముందుకు దూకుతుంది. మీరు నిలబడింది చక్రానికి ఎదురుగానే. స్టార్ట్ చేయడం ఎప్పుడైనా సీటులో కూర్చునే చేయాలి.

సంరక్షణ విషయానికొస్తే, మొదటి సర్వీసు సాధారణంగా 50 గంటలకి వస్తుంది. తేదీ చూడకండి, ఇంజిన్ నడిచిన గంటలు చూపే అవర్ మీటర్ చూడండి. సీజన్లో 50 గంటలు వారం రోజుల్లో అయిపోతాయి. కొత్త బండికి మొదటి రెండు రోజుల తర్వాత చక్రాల నట్లన్నీ మళ్లీ బిగించాలి. పొద్దున్నే చదునైన చోట నిలబెట్టి, స్టార్ట్ చేయకముందే ఆయిల్ గేజ్ తీసి చూడండి. ఈ ఎండల్లో దుక్కి దున్నితే రేగే దుమ్ము అంతా పోయేది ఎయిర్ క్లీనర్‌కే. ఆయిల్ గిన్నె ఉండే రకమైతే అడుగున మడ్డి పేరుకోగానే మార్చండి, పేపర్ ఫిల్టర్ అయితే లోపలి నుంచి బయటికి మెల్లగా గాలి కొట్టండి. రేడియేటర్ జాలీకి నూగు, ఊక పట్టుకుంటే తుడవండి. వేడి మీద మాత్రం దాని మూత తిప్పొద్దు.

దమ్ముకి దిగే ముందు చాలా బండ్లలో క్లచ్ హౌసింగ్ అడుగున ఉండే రంధ్రానికి ప్లగ్ బిగించాలి, దమ్ము అయిపోగానే తీసేయాలి. ఆ ప్లగ్ ఎక్కడుందో మెకానిక్‌ని అడిగి ఇప్పుడే చూసుకోండి, బురదలో పడుకుని వెతికే పని తప్పుతుంది. దమ్ము రోజుల్లో రోజూ సాయంత్రం కడిగి, ముందు ఇరుసు జాయింట్లకి పాత గ్రీజు, బురద బయటికొచ్చే దాకా గ్రీజు కొట్టండి. ముందు ఇరుసు ఆయిల్ మజ్జిగలా తెల్లగా కనిపిస్తే లోపలికి నీళ్లు పోయాయన్నమాట. సీలు మార్చేదాకా ఆ బండి నడపొద్దు. డీజిల్ ట్యాంకు కూడా సాయంత్రమే నింపి ఉంచండి, ఖాళీ ట్యాంకులో రాత్రి చెమ్మ పడుతుంది.

చాలా డీజిల్ ట్రాక్టర్లలో తాళంచెవి తిప్పితే ఇంజిన్ ఆగదు. ఆపడానికి నాబ్ ఒకటి ఉంటుంది, దాన్ని లాగి పట్టుకోవాలి. నాకేదైనా అయితే పక్కనున్నవాళ్లు ముందు తాళంచెవే తిప్పుతారు. అది ఆగకపోతే కంగారుపడతారు. అందుకే ఆ కండువా సంగతి జరిగిన సాయంత్రమే మా ఆవిడని, చేలో పనికొచ్చే ఇద్దరినీ బండి దగ్గరికి పిలిచి, ఇంజిన్ ఆన్ చేసి, ఒక్కొక్కరి చేతా ఆ నాబ్ లాగించాను. మొదటిసారి మా ఆవిడ సగం లాగి వదిలేసింది, మళ్లీ లాగించాను. ఇప్పుడు ఆ నాబ్‌కి ఎర్ర రిబ్బన్ కట్టి ఉంది. ఏటా రోహిణి కార్తెలో పాతది తీసేసి కొత్తది కడతాను.