ఇంగ్లండ్ జైళ్లలో జాతి వివక్ష మీద పని చెయ్యాలనుకునే సంఘాలకి

ముందు జైల్లో ఈక్వాలిటీ పని చూసే ఆఫీసర్‌ని పట్టుకోండి, ఒక్క గవర్నర్‌కే (అంటే జైలు పెద్దకే) లెటర్ రాసి కూర్చుంటే పని కదలదు. దీపావళి స్వీట్లు, బ్లాక్ హిస్టరీ మంత్ (నల్లజాతివాళ్ల చరిత్రని గుర్తుచేసుకునే నెల) పాటలు బానే ఉంటాయ్ గానీ అక్కడితో ఆగిపోతే ఫొటోలకి తప్ప దేనికీ పనికిరావు.

అసలు పని డీఐఆర్ఎఫ్ ఫారాల దగ్గరుంది. వివక్ష జరిగిందని ఖైదీ నింపే ఫారం అది, కానీ విచారణ చేసేది మళ్ళీ జైలు స్టాఫే, ఇంక నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పండి! అందుకే పేర్లు కొట్టేసిన ఫారాలు కొన్ని మూణ్ణెల్లకోసారి మీ సంఘం తరపున ఫారాలు పరిశీలించే ప్యానెల్‌కి చూపించాలని మొదట్లోనే కాగితం మీద రాయించుకోండి. ఫిర్యాదు చేసినతన్ని పిలిచి మాట్లాడారా, సాక్షుల్ని అడిగారా, జవాబు ఎన్నాళ్లకిచ్చారు, ఇవి చూడాలి. ఖైదీల మీద స్టాఫ్ చేసే బలప్రయోగం, ఖైదీలకిచ్చే జైలు లోపలి ఉద్యోగాల లెక్కలు జాతి వారీగా అడగండి, 2010 ఈక్వాలిటీ యాక్ట్ ప్రకారం సమానత్వం సంగతి పట్టించుకోవాల్సిన బాధ్యత జైలుకుంది.

ఇంత పట్టుబట్టడం ఎందుకంటే, 2000లో లండన్‌లోని ఫెల్తమ్ కుర్రాళ్ల జైల్లో 19 ఏళ్ల జాహిద్ ముబారక్‌ని జాత్యహంకారి అయిన సెల్‌మేట్ కొట్టి చంపేశాడు, వాడి ద్వేషం వాడు రాసిన ఉత్తరాల్లోనే కనిపిస్తున్నా ఎవరూ ఆపలేదు. ఇప్పుడు జాహిద్ పేరు మీదున్న ట్రస్టు చేసే పనుల్లో ఈ ఫారాలు పరిశీలించడం కూడా ఒకటి.

అన్నట్టు సెక్యూరిటీ క్లియరెన్స్‌కి టైం పడుతుంది, వాలంటీర్ల అప్లికేషన్లు ముందే పెట్టేయండి.