రోమ్ వెళ్లే ముందు ఇవి చూసుకోండి

ముందు వీసా, ఆ తర్వాతే విమానం టికెట్. ఇటలీతో పాటు చాలా యూరప్ దేశాలకు చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. వేసవి సెలవుల ముందు అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. వీసా రాకపోతే రీఫండ్ లేని టికెట్ల డబ్బు మొత్తం పోతుంది, ఇంటిల్లిపాదికీ తీసుకుంటే లక్షల్లోనే.

ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. తక్కువైతే వీసా ఇవ్వరు.

పురాతన రోమన్ క్రీడా ప్రాంగణం కొలోసియం టికెట్ మీద పేరు ఉంటుంది. పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. మన అలవాటు కొద్దీ ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదిస్తే గేటు దగ్గర టెన్షన్.

వాటికన్ మ్యూజియంలకు ఆదివారం సెలవు. నెలలో చివరి ఆదివారం ఉచితంగా తెరుస్తారు గానీ, జనం విపరీతం. ఆ మ్యూజియంలలోనే ఉన్న, మైఖేలాంజెలో చిత్రాల సిస్టీన్ చాపెల్ ప్రశాంతంగా చూడాలంటే ఆ రోజు వద్దు.

సెయింట్ పీటర్స్ చర్చికి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి, లేకపోతే లోపలికి పంపరు.

ఖాళీ నీళ్ల సీసా ఉంచుకోండి. వీధి కుళాయిల నీళ్లు తాగొచ్చు.