ఫిన్లేసన్ సినిమాలు ఈ వరుసలో చూడండి

లారెల్, హార్డీల సినిమాల్లో బట్టతల, పెట్టుడు మీసంతో ఒక కన్ను చికిలించి చూసే మనిషి మీకు గుర్తుండే ఉంటాడు. ఆయన పేరు జేమ్స్ ఫిన్లేసన్. 1887లో స్కాట్లాండ్‌లోని లార్బర్ట్‌లో పుట్టి, నాటకాల మీదుగా హాలీవుడ్ చేరారు. మా నాటక బృందంలో హాస్య పాత్రలు వేయాలనుకునే పిల్లలకు నేను మొదట చూపించేది ఈయన్నే.

‘బిగ్ బిజినెస్’ (1929)తో మొదలుపెట్టండి. ఇరవై నిమిషాల మూకీ. లారెల్, హార్డీ కాలిఫోర్నియా ఎండలో క్రిస్మస్ చెట్లు అమ్మడానికి వస్తారు, ఫిన్లేసన్ వద్దంటాడు. ఒకసారి హాయిగా నవ్వుకుంటూ చూసేయండి. రెండోసారి ఆ ఇద్దరినీ వదిలేసి ఫిన్లేసన్‌నే చూడండి. చెట్టు తలుపు సందులో ఇరుక్కున్న ప్రతిసారీ అతని ఓపిక ఎలా తరుగుతుందో గమనించండి. తర్వాత వాళ్లు ఇల్లు ధ్వంసం చేస్తారు, అతను వాళ్ల కారును ధ్వంసం చేస్తాడు. ఒకరి వంతు నడుస్తుంటే రెండోవారు అడ్డుపడకుండా నిలబడి చూస్తారు. నవ్వు పుట్టేది ఆ నిలబడటంలోనే! కొత్త నటులు అక్కడే తొందరపడి ఏదో ఒకటి చేసేస్తారు.

ఇక ఆయన ప్రసిద్ధ చూపు. వీడియో వేగం సగానికి తగ్గించండి. ముందు మామూలుగా చూస్తారు, పట్టనట్టు తల తిప్పుకుంటారు, చూసింది అప్పుడు బుర్రకెక్కి చటుక్కున వెనక్కి తిరుగుతారు. ఒక కన్ను మూసుకుపోతుంది, రెండో కనుబొమ మీదికి లేస్తుంది. అద్దం ముందు సాధన చేసేటప్పుడు మధ్యలోని ఆ పట్టనితనాన్ని మింగేయకండి.

తర్వాత రెండు సినిమాలు పక్కపక్కన పెట్టుకోండి. ‘లవ్ ఎమ్ అండ్ వీప్’ (1927)లో పాత ప్రియురాలి బెదిరింపులకు హడలిపోయే పెద్దమనిషి ఫిన్లేసన్. హార్డీది చిన్న వేషం. అదే కథను 1931లో ‘చికెన్స్ కమ్ హోమ్’గా మళ్లీ తీసినప్పుడు ఆ పెద్దమనిషి హార్డీ అయ్యారు, ఫిన్లేసన్ ఆయన ఇంట్లో పనివాడయ్యారు. ఆ పనివాడు గుట్టు కనిపెట్టి, నోరు మూసుకోవడానికి డబ్బు గుంజుతుంటాడు. నాయకుడి స్థానం పోయినా నటనలో ఒక్క పిసరు తగ్గించలేదాయన. నాకు ఆయన మీద గౌరవం కలిగింది ఇక్కడే.

చివరికి ‘వే అవుట్ వెస్ట్’ (1937). ఇందులో ఆయన సెలూన్ (మద్యం అమ్మే బారు) యజమాని. గని పత్రం కోసం పెనుగులాడే ఘట్టాన్ని శబ్దం తీసేసి ఒకసారి, శబ్దంతో ఒకసారి చూడండి. మాటలు వచ్చాక కూడా ఆయన ముఖం మూకీ కాలంలాగే పనిచేస్తోందని తెలుస్తుంది.